కచ్చా బిల్లు ఫోనుకు వారంటీ ఎవరివ్వాలి?

ప్రశ్న: మాది తాడిపత్రి. పోయిన దసరాకు బెంగళూరులో ఒక అంగట్లో ఫోన్ కొన్నాను. మా పక్క షోరూమ్‌లో 72,000 చెప్పిన ఫోను అక్కడ 61,000కే ఇచ్చినారు. 40,000 యూపీఐలో పంపినా, 21,000 చేతికిచ్చినా. పక్కా బిల్లు అడిగితే ‘బిల్లేస్తే జీఎస్టీ పడుతుందప్పా, ఏమన్నా అయితే నేను లేనా’ అని ఒక చీటీ మీద ఫోను పేరు, రేటు, ‘1 ఇయర్ వారంటీ’ అని రాసి అంగడి ముద్ర వేసిచ్చినాడు. ఏడో నెలలో స్క్రీన్ మీద నిలువునా పచ్చ గీత పడింది. అనంతపురంలో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే ‘ఇది వేరే దేశం పీసు, వారంటీ మొదలై 15 నెలలైంది, ఇక్కడ చెల్లదు, స్క్రీన్ మార్చాలంటే 19,500’ అన్నారు. అంగడాయనకు ఫోన్ చేస్తే ‘వారంటీ కంపెనీది, నన్నడిగితే ఎట్లా’ అంటున్నాడు. కంపెనీ మీద కేసు వేయవచ్చా? బిల్లు లేకుండా కేసు నిలబడుతుందా? దానికోసం బెంగళూరు తిరగాల్నా? ఇంకొకటి, మా బామ్మర్ది దుబాయ్ నుంచి వచ్చినాయన దగ్గర ల్యాప్‌టాప్ కొనాలని చూస్తున్నాడు. కొనవచ్చా?

జవాబు: ముందు మీ ఉత్తరంలోనే ఉన్న ఒక లెక్క చూడండి. ఫోను మీ చేతికొచ్చి ఏడు నెలలు. వారంటీ మొదలై 15 నెలలు. అంటే మీరు కొనేనాటికే ఎనిమిది నెలల వారంటీ కరిగిపోయింది, మిగిలింది నాలుగు నెలలు, అదీ ఇంకో దేశంలో. కొన్ని కంపెనీలు వారంటీని ఫోను మొదట ఆన్ చేసిన రోజు నుంచి లెక్కిస్తాయి, కొన్ని డీలరుకు సరుకు పంపిన రోజు నుంచి లెక్కిస్తాయి. మొదటి రకమైతే మీరు కొన్నది ఎవరో ఎనిమిది నెలల ముందే ఆన్ చేసిన ఫోను. రెండో రకమైతే ఎక్కడో గోడౌన్‌లో పడున్న విదేశీ సరుకు. ఏదైనా సరే, ‘కొత్తది, ఏడాది వారంటీ’ అని మీకు అమ్మిన మాట అబద్ధం. మీ కేసుకు ప్రాణం ఈ తేదీయే. పచ్చ గీత దాని తర్వాతే, ఎందుకో కింద చెప్తాను.

కంపెనీ సంగతి ముందే తేల్చేద్దాం. వారంటీ అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు బాధ్యతలున్నాయి. ఒకటి కంపెనీ తన ఇష్టపూర్తిగా ఇచ్చే మాట. దానికి షరతులు కంపెనీయే రాసుకుంటుంది: ఏ దేశంలో అమ్మిన పీసుకు ఆ దేశంలోనే, అధీకృత డీలరు దగ్గర కొంటేనే, అని. రెండోది అమ్మిన మనిషి మీద చట్టం పెట్టే బాధ్యత. దీనికి వారంటీ కార్డుతో పని లేదు. మీ అంగడాయన మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని దాటేస్తున్నాడు.

మొదటిదాంట్లో మీకు పెద్దగా పట్టు లేదు. వేరే దేశం పీసుకు ఇక్కడ వారంటీ లేదని షరతుల్లో రాసి ఉంటే కంపెనీ మీద కేసు గట్టిగా నిలబడటం కష్టం. ‘అధీకృత డీలరు దగ్గర కొంటేనే వారంటీ’ అనే షరతు మీద కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే సంస్థ) ముందుకూ గొడవలు వెళ్లాయి. 2014లో మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు చేసే శాన్‌డిస్క్ విషయంలో, తన అధీకృత డిస్ట్రిబ్యూటర్ల ద్వారానే కొనమని పట్టుబట్టడం దానికదే తప్పు కాదని కమిషన్ చెప్పింది. ఇంటెల్ మాత్రం 2016లో ఇండియాకు మటుకే ఒక పద్ధతి పెట్టింది: ఇక్కడి అధీకృత డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొన్న ప్రాసెసర్లకే ఇక్కడ వారంటీ అని. దాని మీద కమిషన్ 2019లో దర్యాప్తుకు ఆదేశించింది. ఈ రెండూ పోటీ చట్టం కింద నడిచినవి, మీలాంటి ఒక కొనుగోలుదారుడి స్క్రీను సంగతి తేల్చేవి కావు. ఆ దారిలో పడి మీరు నెలలు పోగొట్టుకోవద్దు.

ఒక్క తేడా గుర్తుంచుకోండి. ఫోను ఇండియాలో అమ్మడానికే తయారైన పీసు అయ్యుండి, కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ ఇంకా నడుస్తున్నట్టు చూపిస్తూ ఉంటే, ‘మా డీలరు దగ్గర కొనలేదు’ అన్న నోటి మాటతో సర్వీస్ సెంటర్ తిప్పి పంపకూడదు. ఆ షరతు వారంటీ కార్డులో ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే అప్పుడు కంపెనీని కూడా కేసులోకి లాగవచ్చు.

మీది నిజంగా విదేశీ పీసేనా అని సర్వీస్ సెంటర్ మాట మీదే వదలకుండా మీరూ చూసుకోండి. పది నిమిషాల పని. డబ్బా తిప్పండి. దిగుమతి చేసిన ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం, ఏ దేశంలో తయారైంది, ఫిర్యాదుల నంబరు ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెప్తున్నాయి. ఎంఆర్‌పీ స్టిక్కరే లేకపోతే అది ఇక్కడ అమ్మడానికి వచ్చిన సరుకు కాదు. తర్వాత భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు: ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం, పక్కన ఎనిమిది అంకెలు. ఫోన్లకు, ఛార్జర్లకు, పవర్‌బ్యాంకులకు ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొన్ని ఫోన్లలో ఇది డబ్బా మీద కాక సెట్టింగ్స్‌లో రెగ్యులేటరీ లేబుల్ కింద ఉంటుంది. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, ఏ వస్తువుదో వస్తుంది. ఛార్జర్ మీది నంబరు కొడితే ఇంకేదో ఎల్‌ఈడీ బల్బు కంపెనీ పేరొచ్చిందనుకోండి, ఛార్జర్ కూడా దొంగదే. దాన్ని పక్కన పడేయండి.

ఇక ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు. *#06# కొడితే తెర మీద 15 అంకెలు వస్తాయి. అవి డబ్బా మీది నంబరుతో, చీటీ మీద రాసుంటే దానితో సరిపోవాలి. తర్వాత ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలూ వేసి 14422కు మెసేజ్ పంపండి. ఇది టెలికం శాఖ సంచార్ సాథీ సదుపాయం. బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్, ఈ రెండింట్లో ఏది వచ్చినా మీ గొడవ వారంటీ గొడవ కాదు, దొంగ సరుకు గొడవ. అప్పుడు మాత్రం నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. లేకపోతే స్టేషన్ చుట్టూ తిరగొద్దు. ‘ఇది సివిల్ మ్యాటర్’ అని పంపించేస్తారు, మీకు రెండు రోజుల పని చెడుతుంది.

ఇప్పుడు అసలు మనిషి, అంగడాయన. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47)లో అనుచిత వ్యాపార పద్ధతులు ఏవో ఉన్నాయి. బిల్లు ఇవ్వకపోవడం వాటిలో ఒకటి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగివ్వకపోవడం ఇంకొకటి. వాడిన సరుకును కొత్తదని అమ్మడం, లేని వారంటీ ఉందనడం కూడా దాంట్లోకే వస్తాయి. వీటికి తోడు 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం: వర్ణన చెప్పి అమ్మితే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి, అదే సరుకు అమ్మే వ్యాపారి దగ్గర కొంటే అది అమ్మకానికి తగ్గ నాణ్యతతో ఉండాలి. అన్నిటికన్నా పైన, ‘1 ఇయర్ వారంటీ’ అని ఆయన తన చేత్తో రాసి ముద్ర వేసిన చీటీ. ‘కంపెనీ వారంటీ’ అని కూడా రాయలేదు. కాబట్టి ఆ వారంటీ ఇచ్చింది ఆయనే. చీటీ కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేసి ఉన్నా బెదరొద్దు, చెడిపోయిన సరుకును అంటగట్టడానికి ఆ వాక్యం లైసెన్సు కాదు.

‘బిల్లేస్తే జీఎస్టీ పడుతుంది’ అన్నాడు కదా. 200 రూపాయలు దాటిన అమ్మకానికి రిజిస్టర్డ్ వ్యాపారి బిల్లు ఇచ్చి తీరాలి. ఫోను మీద జీఎస్టీ 18 శాతం. ఆ 11,000 తేడా ఎక్కడి నుంచి పుట్టిందో ఇప్పుడు అర్థమవుతుంది.

బిల్లు లేకుండా కేసు నిలబడుతుందా అంటే, నిలబడుతుంది. కొన్నట్టు రుజువు కావాలి, దానికి బిల్లు ఒక్కటే దారి కాదు. మీ దగ్గర మూడున్నాయి: ముద్ర ఉన్న చీటీ, 40,000 పోయినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్, ఆయన నంబరు. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి 12 అంకెల యూటీఆర్ నంబరు, డబ్బు చేరిన పేరు రెండూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. స్టేట్‌మెంట్‌ను బ్యాంకు నుంచి ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. చీటీని ఇప్పుడే జిరాక్స్ తీయించండి. థర్మల్ కాగితమైతే మన ఎండలకు ఏడాదిలో తెల్లకాగితం అవుతుంది.

బలహీనమైన చోటు చేతికిచ్చిన 21,000. ‘40,000కే సెకండ్ హ్యాండ్ ఫోను అమ్మినాను’ అని ఆయన రేపు అనగలడు. చీటీ మీద రేటు 61,000 అని ఉంటే సగం గండం గడిచినట్టే. ఏదైనా సరే, ఇకమీదట ఫోన్ కాల్స్ మానేసి వాట్సాప్‌లో రాయండి. కోపం వద్దు, తిట్లు వద్దు, వివరాలు మాత్రం ఉండాలి. ఇట్లా:

‘అన్నా, దసరాకు మీ దగ్గర 61,000కు తీసుకున్న ఫోను, 40,000 యూపీఐ, 21,000 క్యాష్, మీరు ఏడాది వారంటీ రాసిచ్చినారు. స్క్రీన్‌లో గీత పడింది. ఇది వేరే దేశం పీసు అని, వారంటీ అప్పటికే ఎనిమిది నెలలు అయిపోయిందని సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్తున్నారు. రిపేరు చేయించిస్తారా, డబ్బు వాపసిస్తారా?’

ఆయన ‘వారంటీ కంపెనీది’ అని బదులిచ్చినా చాలు. రేటును, అమ్మకాన్ని కాదనలేదు కదా. ఆ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి, ఫోన్‌లోంచి మాత్రం తుడిచేయొద్దు. స్క్రీన్‌షాట్లను కేసులో పెట్టేటప్పుడు వాటితోపాటు 2023 భారతీయ సాక్ష్య చట్టం, సెక్షన్ 63 కింద ఒక ధ్రువపత్రం జత చేయడం మంచిది.

సర్వీస్ సెంటర్‌కు ఇంకోసారి వెళ్లక తప్పదు. నోటి మాటగా చెప్పింది ఎక్కడా చెల్లదు. జాబ్‌షీట్, అంటే ఫోను చూసి వాళ్లు రాసిచ్చే కాగితం, అడగండి. దాంట్లో నాలుగు సంగతులుండాలి: ఐఎంఈఐ, లోపం ఏమిటి, ఫోను బయటి పరిస్థితి, వారంటీ ఎందుకు లేదంటున్నారు, ఏ తేదీ నుంచి. మూడోదాన్ని మనవాళ్లు వదిలేస్తారు, అక్కడే కేసు జారిపోతుంది. ఫోను తెర మీద నిలువు గీత, ప్యానెల్ అంచున ఉండే సన్నటి కనెక్షన్ గానీ డిస్‌ప్లేను నడిపే చిప్ గానీ చెడితే వస్తుంది. దెబ్బ తగిలినా వస్తుంది, ఏ దెబ్బా తగలకుండానూ వస్తుంది. అంగడాయన మొదటి వాదన ‘కింద పడేసినాడు’ అనే. కాబట్టి ‘గీతలు, సొట్టలు లేవు’ అని రాయించండి. చాలా ఫోన్లలో సిమ్ ట్రే తీసి లోపలికి టార్చి వేస్తే తేమ గుర్తు స్టిక్కర్ ఒకటి కనబడుతుంది, నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. మీది తెల్లగానే ఉంటే అదీ రాయించి, మీరూ ఒక ఫొటో తీసుకోండి.

ఇంకా ముఖ్యం, ఈలోగా ఫోను ఎవరిచేతా విప్పించవద్దు. ఊర్లో రెండువేలకు గీత పోగొడతానని ఎవరో ఒకరు చెప్తారు. విప్పిన ఫోను మీద లోపం ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు. కేసు వేశాక అవసరమైతే వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపుతుంది, 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలని చట్టంలో ఉంది, ఆ ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావచ్చు. పచ్చ గీతను రెండో వాదనగా పెట్టమన్నది ఇందుకే: దానికి ల్యాబ్ కావాలి, తేదీల అబద్ధానికి ఒక జాబ్‌షీట్ చాలు.

కాగితాలు చేరాక 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. 8800001915కు వాట్సాప్ కూడా చేయవచ్చు. వాళ్లు అంగడికి రాస్తారు, సర్దుబాటుకు చూస్తారు, ఆదేశించే అధికారం మాత్రం లేదు. చిన్న అంగళ్లు దీన్ని పట్టించుకోవడం తక్కువ. అయినా వాళ్లిచ్చే డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) ఉంటే మీరు ముందు మర్యాదగా అడిగారని కాగితం మీద ఉంటుంది.

ఆ వెంటనే నోటీసు. వకీలుతోనే పంపాలనేం లేదు, తెల్లకాగితం మీద మీరే రాయవచ్చు: ఎప్పుడు, ఏమి, ఎంతకు కొన్నారు, ఏమి చెప్పి అమ్మారు, ఏమి బయటపడింది, 15 రోజుల్లో 61,000 తిరిగివ్వాలి. 2025 సెప్టెంబర్ నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టు చేసి, చేరినట్టు రుజువు కూడా తీసుకోండి. ఇక్కడ ఒక చిక్కు: నోటీసు ఎవరి పేరు మీద? బోర్డు మీది పేరు వేరు, యజమాని పేరు వేరు. చీటీ మీద గానీ, అంగట్లో తగిలించిన సర్టిఫికెట్ మీద గానీ జీఎస్టీ నంబరు దొరికితే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టండి, 15 అక్షరాల నంబరు అది. యజమాని అసలు పేరు, చిరునామా వస్తాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: కర్ణాటకకు 29, మనకు 37. కర్నూలు వాళ్లు హైదరాబాదులో కొంటే 36, కడప వాళ్లు చెన్నైలో కొంటే 33. బెంగళూరు అంగడి చీటీ మీద ఇంకేదో రాష్ట్రం నంబరుంటే అది అరువు తెచ్చుకున్న నంబరు కావచ్చు, పోర్టల్‌లో చూడందే నమ్మవద్దు.

బెంగళూరు తిరగాల్సిన పని లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మనలాంటి వాళ్లకు కలిసొచ్చిన మార్పు ఇదే. మీరు ఉండే చోట గానీ పని చేసే చోట గానీ కేసు వేయవచ్చని సెక్షన్ 34లో ఉంది. అంటే మీకు అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్. ఆయనే అక్కడికి రావాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల వరకు ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, ఫిర్యాదు, అఫిడవిట్, కాగితాల జాబితా అన్నీ పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, వీడియోలో విచారణ కోరవచ్చు. గడువు రెండేళ్లు. లోపం బయటపడిన రోజు నుంచి అని వాదించవచ్చు గానీ, కొన్న రోజు నుంచే లెక్కపెట్టుకుని ముందే వేసేయండి.

ఏం అడగాలి? 61,000, దాని మీద వడ్డీ, మానసిక వేదనకు ఒక సబబైన మొత్తం, ఖర్చులు. ఐదు లక్షలు అడిగితే ఐదు లక్షలు రావు, ఫిర్యాదు తేలికైపోతుంది. ప్రతివాదిగా అంగడిని పెట్టండి చాలు. కంపెనీని కూడా పెడితే వాళ్ల వకీళ్లు వచ్చి వాయిదాలు పెరుగుతాయి. సర్వీస్ సెంటర్ జాబ్‌షీట్ రాసివ్వకుండా మొండికేస్తే మాత్రం కంపెనీని చేర్చండి, అప్పుడు వారంటీ తేదీ వాళ్లే కాగితం మీద చెప్పాల్సి వస్తుంది. నోటీసు అందాక మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం. నడకలో అంతకన్నా ఎక్కువే పడుతుంది, మనసు సిద్ధం చేసుకోండి. ఆర్డరు వచ్చాక డబ్బు కట్టకపోతే సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు గానీ, 25,000 నుంచి లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ. చాలా అంగళ్లు నోటీసు దశలోనే బేరానికి దిగుతాయి. స్క్రీన్ ఖర్చు 19,500 మొత్తం ఇస్తానంటే ఆలోచించవచ్చు, ‘ఇంకో ఫోను ఇస్తా’ అంటే మాత్రం అదీ అదే గోడౌన్ సరుకేనని గుర్తుపెట్టుకోండి.

వెబ్‌సైట్లలో ఊరూ పేరూ తెలియని సెల్లర్ల దగ్గర కొనేవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సెల్లర్ పేరు, చిరునామా సైటులో కనబడాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కొన్న రోజే ఆ పేజీని, ‘ఏడాది వారంటీ’ అన్న వరుసతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత పేజీ మారిపోతుంది. ‘సెల్లర్ వారంటీ’ అని ఉందా, ‘మాన్యుఫాక్చరర్ వారంటీ’ అని ఉందా చూడండి. మొదటిదైతే కంపెనీ సర్వీస్ సెంటర్ గడప తొక్కే పనే లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో అడ్వాన్స్ తీసుకుని మాయమైన వాళ్ల సంగతి వేరు, దానికి ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

మీ బామ్మర్ది విషయం. అమ్మేది వ్యాపారి కాక, తన సొంత ల్యాప్‌టాప్ అమ్ముకునే మనిషైతే వినియోగదారుల కమిషన్ దారి దాదాపు మూసుకున్నట్టే. మోసం జరిగితే పోలీసు కేసో, సివిల్ దావానో. అందుకని జాగ్రత్త అంతా డబ్బివ్వకముందే. కొన్ని కంపెనీలు ల్యాప్‌టాప్‌లకు అంతర్జాతీయ వారంటీ ఇస్తాయి, కొన్ని ఇవ్వవు, ఒకే కంపెనీలో మోడల్‌ను బట్టీ మారుతుంది. అడుగున ఉండే సీరియల్ నంబరును కంపెనీ సైటులో కొట్టి, వారంటీ ఏ తేదీ దాకా, ఏ దేశంలో అన్నది కళ్లారా చూడమనండి. దుబాయ్‌లో కొన్న అసలు బిల్లు కూడా చేతికి రావాలి, క్లెయిమ్ అప్పుడు అడుగుతారు. అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చదవమనండి. ల్యాప్‌టాప్ అడాప్టర్లకు సాధారణంగా ఉంటుంది గానీ, అమెరికా నుంచి తెచ్చే మిక్సీల్లాంటివి 120 వోల్టులవి, మన 230లో పెట్టిన మరుక్షణం మాడిపోతాయి. ‘సీల్ తీస్తే రేటు పడిపోతుంది, సీరియల్ నంబరు తర్వాత చూసుకోండి’ అని అమ్మేవాడు అన్నాడంటే, సీరియల్ నంబరు డబ్బా బయట కూడా అచ్చేసి ఉంటుందని చెప్పి, అదీ చూపించకపోతే ల్యాప్‌టాప్ అక్కడే వదిలి రమ్మనండి.